ట్రయల్లో మాట్లాడొద్దు

బండి ములకలపల్లి దాటి అడవిలోకి తిరిగేసరికి వీరన్న అద్దాలన్నీ పైకెక్కించాడు, ఏసీ ఆపాడు, పక్కన కూర్చున్న జంపయ్య వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకే జంపయ్య నోటిదాకా వచ్చిన మాటను మింగేసి కుక్కిన పేనులా కూర్చున్నాడు. వీరన్న ట్రయల్లో ఎవ్వరూ మాట్లాడకూడదు, ఇది చుట్టుపక్కల మండలాలన్నిటికీ తెలిసిన సంగతి. ఆఫీసరు గారి డ్రైవరైనా సరే, ఎకరాల కొద్దీ మిర్చి వేసిన ఆసామి అయినా సరే, మెకానిక్ వీరన్న స్టీరింగు పట్టాడంటే పక్కవాడికి నోరుండకూడదు. దగ్గొస్తే ఆపుకోవాలి, ఫోనొస్తే కట్టేయాలి. మాట వినని వాణ్ణి రోడ్డు మీదే దింపేసి, ఒక్కడే పోయి ట్రయల్ చూసి, వచ్చేటప్పుడు ఎక్కించుకున్న రోజులున్నాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ వీరన్న నోరు ఏనాడూ మంచిది కాదు, అయినా ఊరు అతనితో మంచిగానే ఉండేది, అతని చెవి అటువంటిది. కాస్త దూరం నడిపి, ఆపి, వెనక ఎడమ చక్రం బేరింగు, నెల తిరగదు అనేవాడు, తిరిగేది కాదు. ఇప్పుడు అద్దాలెక్కించిన ఆ నిశ్శబ్దంలో వీరన్నకు వినిపిస్తున్నది ఇంజను బొంగురు ఒక్కటే, పక్కింట్లో ఎవరో నిద్రలో గొణుగుతున్నట్టు. ఆ గొణుగుడు మీద ఉండాల్సిన చప్పుళ్ళు ఒక్కటీ లేవు. అతనికి కావలసినవి అవే.

బండి పోతదా పోదా, జంపయ్యకు కావలసింది మాత్రం ఆ ఒక్క మాట. షెడ్డు వెనక ఇంట్లో, వీరన్న భార్య భారతమ్మ పరిచిన చాప మీద, జంపయ్య కూతురు శ్యామల నిండు నెలలతో కూర్చుని ఉంది, పక్కన తల్లి ఆదెమ్మ, ఇద్దరి మధ్యా బట్టల సంచీ, మెత్తటి పాత చీర ముక్కలు, ఫ్లాస్కు. ఒంట్లో రక్తం తక్కువ ఉంది, నొప్పుల దాకా ఆగొద్దు, ముందే వచ్చి చేరమని భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది. పోయినసారి నొప్పులు మొదలయ్యాకే బయలుదేరారు, కిరాయి ఆటోలో, వానలో, ఈ రోడ్డు మీదే. ముందు వచ్చే ఆ మోరీ దగ్గర, వాగు మీది కల్వర్టు దగ్గర, ఆటో ఇరుసు విరిగి కూలబడింది, ఫోన్లు కలవని చోటు. కుంటుకుంటూ వెనక్కి నడిచిన జంపయ్య ఎవరిదో ట్రాక్టరు బతిమాలి తెచ్చేసరికి బిడ్డ పుట్టడమూ అయిపోయింది, పోవడమూ అయిపోయింది. ఆ చలికాలమే జంపయ్య ఎడ్లనమ్మి ఖమ్మం పోయి ఈ పాత కారు తెచ్చాడు. క్లచ్చు లేని బండి, గేర్లు తమంతట తామే మారే బండి, ఎందుకంటే చిన్నప్పుడు పాము కరిచి అతని ఎడమకాలు సగం చచ్చుబడింది, కుడికాలు ఒక్కదానితోనే నడవాలి బండి. ఇంక ఈ జన్మల నా బిడ్డను ఇంకోని బండి ఎక్కియ్య అన్నాడు ఆ రోజు షెడ్డులో, సొట్టలు పడిన బానెట్టు మీద అరచెయ్యి పెట్టి. మిర్చి బస్తాలతో యార్డుకు, రోగులతో దవాఖానాకు తిప్పుతున్నా వీరన్నకు చూపించకుండా ఏ దూరమూ పోలేదు. అటువంటి బండి మొన్న గుట్ట ఎక్కుతూ ధబ్‌మని ఒక తన్ను తన్ని మూడో గేరులో బిగుసుకుపోయింది.

గేరు బాక్సు మీద వేలంత సెన్సరు ఒకటుంటుంది. లోపలి ఇరుసు ఎంత జోరుగా తిరుగుతున్నదో అది చెప్తుంటే బండిలోని కంప్యూటరు విని గేర్లు మారుస్తుంది. ఆ చెప్పడంలో తేడా వచ్చిందంటే కంప్యూటరు బెదిరిపోయి, మనకెందుకొచ్చిన గొడవ, మెల్లగా ఇంటికి పోండని ఒకే గేరు పట్టుకుని కూర్చుంటుంది. స్కానరు పెడితే సెన్సరు పేరే చెప్పింది. స్కానరుదేముంది, చాడీలు చెప్పే పిల్లవాడి లాంటిది, పేరు చెప్తుంది గానీ తప్పు ఎవరిదో చెప్పదు. వైరు ఎలుక కొరికినా సెన్సరే అంటుంది, ప్లగ్గులో నీళ్ళు దూరినా సెన్సరే అంటుంది. వీరన్న వైరు పొడుగునా వేళ్ళు పోనిచ్చి చూశాడు, మీటరు పెట్టాడు, ప్లగ్గు తుడిచాడు, అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు సెన్సరు ఊడదీశాడు. దాని మొన అయస్కాంతం, గేరు బాక్సులో అరిగిన ఇనుప రజనంతా వచ్చి దానికే అంటుకుంటుంది. కాటుకలా మెత్తగా ఉంటే అది బండి వయసు, భయపడక్కర్లేదు. వేలితో రాసి ఎండకు పెడితే ఆ కాటుకలో తునకలు మెరిశాయి, కొన్నే, కానీ మెరిశాయి. పాత యజమాని నాటివి కావచ్చు, నూనె మార్చినప్పుడు అడుగున మిగిలిపోయినవి కావచ్చు. కాకపోతే లోపల బేరింగు తనను తానే తినేస్తూ ఉండొచ్చు, అదే గనక అయితే సెన్సరు పాపం నిజమే మొత్తుకుంటున్నది, కొత్తది వేసినా మొత్తుకుంటుంది, మొత్తుకుని మొత్తుకుని ఒకనాడు గేరు బాక్సు పట్టేసి బండి ఉన్నచోటే నిలబడిపోతుంది. ఈ రెంటిలో ఏదో తెలుసుకోవాలంటే బండిని రోడ్డెక్కించి వినాలి. పోతున్న బేరింగు సన్నగా కుయ్‌మంటుంది, జోరు పెరిగేకొద్దీ ఇంకా సన్నబడుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. అందుకని కొత్త సెన్సరు వేసి, అద్దాలెక్కించి, ట్రయల్‌కు వచ్చారు. అంతా పద్ధతి ప్రకారమే నడుస్తోంది, వినడమొక్కటే తక్కువ.

మొదట పోయింది కుక్కరు కూత. భారతమ్మ పొయ్యి మీద పప్పు పెట్టి, మూడు కూతలకు దించమని చెప్పి మిరప చేలకు పోయింది, వీరన్న ఆ పక్కనే కూర్చుని కార్బొరేటరు కడుగుతున్నాడు, కడుగుతూ కూతల కోసం చూస్తూనే ఉన్నాడు, చివరికి మాడు వాసనకు లేచాడు. నిద్రపట్టిందని అబద్ధం చెప్పాడు. తరువాత ఆమె గాజులు పోయాయి, వంటింట్లో ఉందో లేదో గాజులను బట్టి తెలిసేది, ఇప్పుడు తొంగి చూస్తే గానీ తెలియదు. ఈ ఏడు కోకిల రాలేదేమే, ఇప్పపూలు రాలే రోజులొచ్చినయ్ గదా అని అడిగితే భారతమ్మ చేతిలో చాట అలాగే ఆపి అతని ముఖం వైపు చూసింది, ఆ చూపుతో ఆమెకు తెలిసిందని అతనికి తెలిసింది, ఆమె మాత్రం ఏమీ అనలేదు, ఆనాటి నుంచీ ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి చెప్తోంది. జారుతున్న బెల్టు కీచు పోయింది, అరిగిన బ్రేకు అరుపు పోయింది, టైరులోంచి గాలి పోయే సుయ్ పోయింది. కూడు పెట్టిన చప్పుళ్ళన్నీ సన్నవే, ఒకదాని వెనక ఒకటి చెప్పకుండా లేచిపోయాయి. ఖమ్మంలో చెవుల డాక్టరు అతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడగానే ఈ బటను నొక్కు అంది. అతను బటను మీద బొటనవేలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అద్దానికి అవతల ఆమె ఏవో తిప్పుతూనే ఉంది. మిషను ఇంకా మొదలుపెట్టలేదు కాబోలు అనుకుంటూ కూర్చున్నాడు, కూర్చుంటే ఆమె తలుపు తీసి అయిపోయింది లేవమంది. సన్నటివి ముందు పోతాయి, లావువి కొంతకాలం ఉంటాయి, పోయినవి తిరిగి రావు అని కాగితం మీద గీత గీసి చూపించింది, ఆ గీత కొంత దూరం తిన్నగా పోయి బావిలోకి దిగినట్టు దిగిపోయింది. మిషను పెట్టుకుంటే మనుషుల మాటలు కొంత తెలుస్తాయట. చెవికి మిషను పెట్టుకున్న మెకానిక్ దగ్గరికి బండి ఎవడు తెస్తాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని తనే ఎంతమందిని తిట్టాడో. బస్సులో వచ్చేటప్పుడు భారతమ్మ అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది, పెళ్ళయిన కొత్తలో కూడా బస్సులో చెయ్యి పట్టుకోని మనిషి.

ఈ చెవికి విద్య నేర్పింది ఖమ్మంలో పిచ్చయ్య మేస్త్రీ. పొడుగు స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు అదిమి, కళ్ళు మూసుకోమనేవాడు. "కండ్లు తెరిస్తే బండి కనబడ్తది. నీకు కావాల్సింది లోపటున్నది" అనేవాడు. మొదట్లో అంతా రొద. కొన్నాళ్ళకు రొద విడిపోయి, తీగ నుంచి తీగ విడిపోయినట్టు, ఇది వాల్వు, ఇది గొలుసు, ఇది నీళ్ళ పంపు అని దేనికది వేరుగా నిలబడింది. ఆ రోజు పిచ్చయ్య మేస్త్రీ చాయ్ తాగించాడు. అప్పటి నుంచి బండ్లు అతనితో మాట్లాడుతూనే ఉన్నాయి, మనుషులు మాట్లాడితే అడ్డమనిపించేది, నోర్మూసుకోమన్నాడు, అలా పుట్టింది ట్రయల్ కట్టుబాటు. ఇంజన్లకు పెట్టే చెవి ఒక్కపూటన్న నాకు పెట్టరాదా అని భారతమ్మ దెప్పేది. పెట్టలేదు. ఇప్పుడు పెడదామంటే ఆమె గొంతు కూడా పైనుంచి అరిగిపోతూ వస్తోంది, మాటల్లో సగం అక్షరాలు పెదవుల మీద చూసి పూరించుకోవాలి, ఆమె నవ్వు అయితే చూడటమే. ఏం పాపం చేశాడని ఈ శిక్ష, అతను చేసిందల్లా వినడమే కదా.

రోడ్డు మెల్లగా ఎత్తుకెక్కుతోంది. రెండు పక్కలా మోడువారిన టేకు, ఇప్పచెట్ల కింద ఆకులు కాల్చిన నల్లటి మడులు, పొగ ఇంకా నేలను పట్టుకునే ఉంది, గంప నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు బండిని చూసి పక్కకు జరిగారు, ఒకామె ఏదో అంది, అందో లేదో. గేర్లు మెత్తగా మారుతున్నాయి, రెండు, మూడు, నాలుగు, ఎక్కడా తన్ను లేదు, మీటర్ల దగ్గర హెచ్చరిక దీపం వెలగలేదు. కొత్త సెన్సరు బుద్ధిగా పనిచేస్తోంది. వీరన్న గేరు రాడ్డు మీద అరచెయ్యి పరిచి ఉంచాడు, చెవులు పోయినప్పటి నుంచి చేత్తో విందామని చూస్తున్నాడు. అరిగిన టైరు చేతికి తెలుస్తుంది, వంగిన ఇరుసు నడుముకు తెలుస్తుంది, మాడిన క్లచ్చు ముక్కుకు తెలుస్తుంది. ఆ సన్నటి కుయ్ మాత్రం చేతికి రాదు. ఏడాదిగా ఇలాగే నెట్టుకొస్తున్నాడు, స్కానరు కొంత, చెయ్యి కొంత, నీకేమనిపిస్తుందిరా అని బండివాడి నోటి నుంచే లాగడం కొంత. వినడానికని పెట్టిన కట్టుబాటు వినబడదని దాచుకోవడానికి పనికొస్తోంది. పో, ఏం గాదు అంటే సరిపోతుంది. నూటికి ఎనభై పాళ్ళు ఏమీ కాదు, ఆ తునకలు పాతవే అయి ఉంటాయి. వద్దు అనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి, ఏం విన్నావో చెప్పు అంటాడు జంపయ్య, ఏం చెప్తాడు. వినబడలేదని చెప్తే రేపు పొద్దున్నకు చండ్రుగొండ దాకా తెలిసిపోతుంది, షెడ్డు తలుపు వేసుకోవడమే, ఈ వయసులో ఇంకో విద్య వచ్చేదా చచ్చేదా. పో అనే ఆ ఒక్క అక్షరం నాలుక మీద కూర్చునే ఉంది.

మోరీ వచ్చింది. వీరన్నకు గుర్తులేదు, జంపయ్యను చూసి గుర్తొచ్చింది. అంతవరకూ ఎదురుగా చూస్తున్న మనిషి మెడ తిప్పి అవతలి కిటికీలోకి, చూడటానికి ఏమీ లేని గుట్ట వైపు చూశాడు, మోరీ వెనక్కి పోయేదాకా అటే చూశాడు. ఎప్పుడు ఇటు వచ్చినా అలాగే చూస్తాడు కాబోలు, మిర్చి బస్తాలు వేసుకుపోతున్నా, పరాయివాళ్ళ రోగుల్ని వేసుకుపోతున్నా, ఈ నాలుగు గజాలు మాత్రం కళ్ళు తిప్పుకుని నడుపుతాడు కాబోలు. వీరన్న నాలుక మీది అక్షరం దిగిపోయింది.

"జంపన్నా, ఏమన్న ఇనబడుతుందా నీకు?"

జంపయ్య పెదవులు బిగించి, తల అడ్డంగా ఊపి, వేలు నోటి మీద పెట్టి చూపించాడు. వీరన్న పెట్టిన కట్టుబాటును వీరన్నకే గుర్తు చేస్తున్నాడు.

"మాట్లాడు. నేనే అడుగుతున్న."

"ట్రయల్ల మాట్లాడొద్దంటవు గదా" అన్నాడు జంపయ్య, అతని గొంతు లావు గొంతు, డోలు మీద చెయ్యి పడ్డట్టు ఉంటుంది, అందుకే ఇంకా అందుతుంది. "సన్నగ కుయ్యిమంటుంది. షెడ్డు కాడ ఎల్లినప్పటి సంది అంటనే ఉన్నది. నీకు ఇనబడకుంట ఉంటదా అని ఊకున్న."

వీరన్న కొంత దూరం అలాగే నడిపాడు. ఎండ అద్దం మీద పడి కళ్ళలో కొడుతోంది. అతను చెప్పి ఉండకపోతే ఎంత బాగుండేది, తను అడగకపోయి ఉంటే ఇంకా ఎంత బాగుండేది.

"నాకు ఇనబడ్తలేదు" అన్నాడు.

"ఏందీ?"

"చెవులు పోయినయ్ జంపన్నా. ఏడాది దాటింది. నాకేం ఇనబడ్తలేదు."

జంపయ్య ఏమన్నాడో, అసలేమన్నా అన్నాడో, వీరన్న అటు తిరగలేదు కనుక తెలియలేదు. కాలు మెల్లగా అదిమాడు. ఇప్పుడెట్లున్నది అని అడిగాడు. ఎక్కువైంది, ఇంకా సన్నమైంది, దోమ చెవుల దూరినట్టు. కాలు తీశాడు. ఇప్పుడు? ఆగింది. మళ్ళీ అదిమాడు. వచ్చింది. ఎక్కడి నుంచి, ముందు నుంచా, కాళ్ళ కింది నుంచా? జంపయ్య నడుం వంచి, చచ్చుకాలిని చేత్తో పక్కకు జరుపుకుని, ముఖం గేరు రాడ్డు దగ్గరికి తెచ్చి, కళ్ళు మూసుకున్నాడు, ఎవరూ నేర్పకుండానే మూసుకున్నాడు. "ఈడ్నే, దీని కింద" అన్నాడు. వీరన్న తల ఊపాడు. బేరింగు. సెన్సరు మొదటి నుంచీ నిజమే చెప్తోంది. బండిని పక్కకు తీసి తిప్పుకున్నాడు, ఇక వెనక్కి మెల్లగా, కాలు ఆనీ ఆనకుండా నడపాలి. ట్రయల్ ముగిసింది, తప్పు దొరికింది, దొరికిన ప్రతిసారీ గుండెలో ఒక చిన్న పొంగు వచ్చేది, అది కూడా వచ్చింది, వచ్చి, వచ్చిన చోటు తనది కాదని తెలిసి ఆగిపోయింది. వింటున్నంత కాలం వినడం ఒక పని అనుకున్నాడు గానీ అది తన ఒంట్లో ఒక ముక్క అని పోయాక గానీ తెలియలేదు. ఏడుపొచ్చింది, రోడ్డు చూడాలి కనుక ఆపుకున్నాడు.

చాలాసేపటికి జంపయ్య అతని భుజం మీద తట్టాడు, ఇన్నేళ్ళలో ఎన్నడూ తట్టి పిలవలేదు, తిరిగి చూస్తే గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి, పిల్లలకు చెప్పినట్టు అడిగాడు.

"మొన్న. పగిడయ్య. ఆటో. చూసినవు గదా. అది గూడ గిట్లనేనా?"

పగిడయ్య ఆటోలో బడిపిల్లలు పోతారు. వీరన్న దాన్ని చేత్తో చూశాడు, కంటితో చూశాడు, పో అన్నాడు, బాగానే ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఈ ఏడాదిలో ఎన్ని బండ్లకు పో అన్నాడు. "పిలిపిస్త" అన్నాడు. "అందర్నీ పిలిపిస్త. ఎవర్నన్న చెవులున్నోన్ని పక్కన కూసోబెట్టుకుని మళ్ళ చూస్త." పిలిపించాలంటే ఎందుకో చెప్పాలి, అదీ చెప్తాడు, ఇంక దాచడానికేముంది. జంపయ్య తిట్టలేదు. తిడితే బాగుండేది. నీకు ముందే ఎరికైతే పొద్దున్నే ఎందుకు చెప్పలే అని అడిగినా బాగుండేది. రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు, మోరీ వచ్చినప్పుడు మళ్ళీ గుట్ట వైపు తిరిగాడు.

షెడ్డు ముందు ఆపేసరికి శ్యామల గడప దాకా వచ్చి నిలబడి ఉంది, నడుం మీద చెయ్యి. ఆమె పెదవులు కదిలాయి, పోదామా అన్నట్టుంది. జంపయ్య కూతురితో వాళ్ళ కోయ మాటల్లో ఏదో చెప్పాడు, ఆమె ముఖం ఆటో విరిగిన నాటి ముఖం అయింది, తల అడ్డంగా ఊపింది, ఇంకోళ్ళ బండి ఎక్కనంటోందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. పక్క చేను వెంకటనారాయణ మిర్చి కల్లం దగ్గర నుంచే సంగతి కనిపెట్టి కారు తెచ్చాడు, వాళ్ళ నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, మాటలో ఇంకా ఆ యాసే. "ఎక్కించండి వీరన్నా, నేను తీసుకెళ్తాను, బండి మొన్ననే కొత్తది" అన్నాడు. శ్యామల కదల్లేదు. అప్పుడు జంపయ్య వీరన్న వైపు చూశాడు. చెవులు లేవని తెలిసిన తరువాత కూడా, ఏ బండి విషయంలోనైనా ఎప్పుడూ చూసినట్టే చూశాడు. వీరన్న వెంకటనారాయణ కారు ఎక్కి, జంపయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, అద్దాలెక్కించి, బడి దాకా పోయి వచ్చాడు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ జంపయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం లేదు, ఇక్కడ ఏం లేదు, ఇప్పుడు గూడ ఏం లేదు. "పో బిడ్డా" అన్నాడు వీరన్న దిగి. శ్యామల ఎక్కింది. ఆదెమ్మ సంచీతో ఎక్కింది, జంపయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. కారు పోతుంటే శ్యామల కిటికీలోంచి అతనికేదో చెప్పింది, మామా అన్నది ఒక్కటే పెదవుల మీద తెలిసింది, మిగతాది తెలియలేదు, అతను తలూపాడు.

పొద్దుగూకే వేళ దాకా షెడ్డు గుమ్మంలోనే కూర్చున్నాడు. పగిడయ్యకు భారతమ్మ చేత ఫోను చేయించాడు, ఆటో రోడ్డెక్కించొద్దని, రేపు పొద్దున్నే తెమ్మని. ఎందుకని అడిగాడట, ఆమె చెప్పేసిందట. అప్పుడే ఇద్దరు ముగ్గురు దారిన పోతూ షెడ్డు వైపు అదో రకంగా చూసి పోయారు. పోనీ. మోరీ దాటి ఉంటారు. బూర్గంపాడు వచ్చి ఉంటుంది. గోదారి వంతెన ఎక్కి ఉంటారు. లేదా దారిలోనే. ఆ దారిలోనే అన్న మాటను పక్కకు తోసేసి, మళ్ళీ మొదటి నుంచి, మోరీ, బూర్గంపాడు, వంతెన. చేతిలో ఫోను వెలిగి వణికింది.

"వీరన్నా, ఆడపిల్ల" అన్నాడు జంపయ్య, ఆ లావు గొంతు అంత వణకగలదని వీరన్నకు తెలియదు. "చేర్సుకున్నంకనే నొప్పులొచ్చినయ్. తల్లి మంచిగున్నది. పిల్ల మంచిగున్నది. ఆగు, ఇను, ఏడుస్తనే ఉన్నది, నువ్వు గూడ ఇను."

సంతోషంలో మరిచిపోయాడు. లేక మరిచిపోలేదేమో. వీరన్న ఒక చెవిని అరచేత్తో మూసుకుని, రెండో చెవికి ఫోనును ఎముక నొప్పెట్టేలా అదుముకుని, కళ్ళు మూసుకున్నాడు. దూరంగా ఏదో బండి చక్రాలు దొర్లుతున్న గుడగుడ. ఎవరో నడుస్తున్నారు. జంపయ్య ఊపిరి. ఆ పైన ఏమీ లేదు. కళ్ళు తెరిస్తే భారతమ్మ ఎదురుగా నిలబడి ఉంది, ఫోనులోంచి అంత దూరానికి కూడా ఆమెకు వినబడుతున్నట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళతో నవ్వుతోంది. ఆమె ముఖం చూసి తెలుసుకున్నాడు పిల్ల ఏడుస్తోందని.

"ఇనబడుతుందా వీరన్నా?"

"అవ్, ఇనబడుతుంది" అన్నాడు వీరన్న. "మంచిగ ఏడుస్తుంది."

భారతమ్మ ఫోను కోసం చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు, ఇంకా చాలాసేపు అలాగే చెవికి అదుముకుని కూర్చున్నాడు.